పక్కన పెట్టిన గురువారం

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదురుగా
మందుల షాపు మేడ మీద మూడు రోజులు
నేనూ హేమసుందరూ బళ్లు లెక్కపెట్టాం.
నాలుగు గీతలు నిలువు, అయిదోది అడ్డం, అదొక కట్ట.
పాలకొండ బస్సు. ఆమదాలవలస ఆటో.
నరసన్నపేట నుంచి జీడిపిక్కల బస్తాల వ్యాను.
పన్నెండు మంది పిల్లలు, పన్నెండు బ్యాగులు వేలాడే బడి ఆటో,
అదీ ఒకటే గీత.
బండి వెనక పక్కకి తిరిగి కూర్చుని
ఒళ్లో గ్రైండరు పట్టుకున్నావిడ కూడా
మా కాగితంలో "ద్విచక్ర వాహనం".

తర్వాత ల్యాబులో కూర్చుని రోడ్డు గీశాను.
దాని మీద దుమ్ము లేవదు.
రంగు బిళ్లలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగి
పచ్చ పడగానే బుద్ధిగా కదులుతాయి.
మంగళ, బుధవారాల లెక్కతో వాటిని దిద్దాను:
ఎంత ఎడంగా ఆగాలి, ఎంత తెగించాలి,
బస్సుకీ బస్సుకీ మధ్య సందు దొరికితే దూరాలా వద్దా.
ప్రతిసారీ కొత్త విత్తనం అంకె వేసి
వందసార్లు నడిపాను.
తెర మీద నా గీతా రోడ్డు గీతా
ఒకదాన్నొకటి కప్పుకునేదాకా.

గురువారాన్ని మాత్రం ముట్టుకోలేదు.
కవర్లో పెట్టి, అంటించి, బీరువాలో పడేశాం.
బుధవారంతో దిద్దినదాన్ని బుధవారంతోనే సరిచూడ్డం
ముందురోజే ప్రశ్నపత్రం చేతికిచ్చి
పిల్లాడు తెలివైనవాడని మురిసిపోవడం.

కవరు చింపాం.
ఉదయం ఎనిమిదిన్నరకి ఆటోల వరస,
కంప్యూటరు చెప్పింది పదకొండు.
హేమసుందర్ గీతలు పంతొమ్మిది.

సారు కళ్లజోడు తుడుచుకుంటూ
"ఆగే దూరం కాస్త తగ్గించమ్మా, కలిసిపోతుంది" అన్నారు.
కలిసిపోతుంది, నాకూ తెలుసు.
పిన్నీసులు పెడితే ఎవరి జాకెట్టయినా ఎవరికయినా పడుతుంది.
కానీ కొత్త స్టాండుకి తెల్లగీతలు గీసేది
ఈ కాగితం చూసే.
పదకొండు అని వెళితే పదకొండు గళ్లే గీస్తారు.
మిగతా ఎనిమిదిమంది ఫైను కడతారు,
నేను తప్పు లెక్క కట్టినందుకు.

శుక్రవారం పుస్తకం లేకుండా వెళ్లి
వరస చివర నిలబడ్డాను. తవిటినాయుడి ఆటో.
ఇంజన్ ఆపేసి ఉంది.
ముందు బండి జానెడు జరిగింది.
అతను ఎడంకాలు కిందికి దించి, నేలని వెనక్కి తన్నాడు.
బండి జానెడు జరిగింది.
"స్టార్టు సేత్తే గేసు అయిపోద్ది కదమ్మా,
ఇలా జరుపుకుంటే సరి. జానెడు జాగా సాలు మాకు."
వరస పొడుగునా ఎడంకాళ్లు,
ఒకదాని తర్వాత ఒకటి దిగుతున్నాయి.

నా బిళ్లలకి కాళ్లు పెట్టలేదు నేను.

అయినా లెక్క ఇంకా తేలలేదు.
కొత్తూరు బస్సు నా తెర మీద నలభై సెకన్లు ఆగుతుంది.
గురువారం కాగితంలో రెండు నిమిషాల పది.
హేమసుందర్ పక్కన ప్రశ్న గుర్తు వేసి వదిలేశాడు.
కంట్రోలరు గురువులు గారిని అడిగితే
ఈల చొక్కాకి తుడుచుకుంటూ అన్నారు:
"నిన్నా? ఎండుసేపల గంప ఆవిడ గేటు కాడ కనిపించింది.
ఈల నోట్లో ఎట్టుకున్నాను గానీ ఊదలేదు.
అటేపు సంత కదా గురారం.
ఆ బస్సు తప్పితే ఆవిడికి సంత లేదు."
ఆ వెనక మూడు బస్సులు, వాటి వెనక ఆటోలు,
ఊదని ఈల వెనక అంత దూరం.

రాత్రి నివేదిక రాశాను.
పదకొండూ పంతొమ్మిదీ పక్కపక్కనే ఉంచాను.
ఈ నమూనా మంగళ, బుధవారాలకి నమ్మవచ్చు,
గురువారానికి ఇంకా కాదు, అని కింద.
"కారణం" గడిలో ఎడంకాలు అని రాసి, కొట్టేసి,
"ఇంజన్ ఆపి తోసే కదలిక, కొలవవలసి ఉంది" అని దిద్దాను.
ఈలకి ఏ గడీ సరిపోలేదు.
అంచున పెన్సిలుతో రాశాను.

సారు ఇంకా సంతకం పెట్టలేదు.
వచ్చే గురువారం మళ్లీ మేడెక్కుతున్నాం.
హేమసుందర్ టేపు కొన్నాడు,
ఈసారి జానెళ్లు కూడా కొలవాలట.